కారు కంటే ఇన్సూరెన్సే భారంగా ఉంది

ప్రశ్న: యూకేలో ఉంటున్నాను, నాకు 19 ఏళ్లు, లైసెన్స్ వచ్చి నెల కూడా కాలేదు, చిన్న పాత కారుకి ఇన్సూరెన్స్ ఎంతని అడిగితే గుండె గుభేల్మంది. నాన్న పేరు మీద తీసుకుంటే తగ్గుతుందంటున్నారు, తీసుకోమంటారా మేడమ్?

జవాబు: ఆ పని మాత్రం చెయ్యకు బాబూ. రోజూ నడిపేది నువ్వై ఉండి మెయిన్ డ్రైవర్ అని నాన్నగారి పేరు రాస్తే అది అబద్ధమే కదా, రేపు గుద్దేశాక క్లెయిమ్ తిప్పి కొడితే ఖర్చంతా మీ నెత్తినే పడుతుంది. కొత్తగా నేర్చుకున్న కుర్రాళ్లకి యాక్సిడెంట్లు ఎక్కువ, క్లెయిమ్ చెయ్యకుండా గడిపిన ఏళ్లకి ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, నీకింకా లేదు, అందుకే అంత రేటు. నాన్నగారు నిజంగానే అప్పుడప్పుడు నడుపుతుంటే రెండో డ్రైవర్‌గా చేర్చు, చాలాసార్లు తగ్గుతుంది. బ్లాక్ బాక్స్ పాలసీ దొరికితే అదీ అడుగు, కార్లో ఒక చిన్న పెట్టె బిగిస్తారు, బ్రేక్ ఎంత గట్టిగా తొక్కావో, అర్ధరాత్రి తిరిగావో లేదో అన్నీ రాసుకుంటుంది, నెమ్మదిగా నడిపేవాడికి అది మేలే.