బాగానే ఉన్నానని మాత్రం చెప్పకు

చిన్నీ,

అమెరికాలోని ట్రూమన్ స్టేట్ యూనివర్సిటీ నుంచి నీకు ఐ-20, అదే వీసాకి కావాల్సిన కాలేజీ పత్రం, వచ్చిందని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. సంతోషంగా మొదలుపెట్టి మధ్యలో ఏడ్చేసింది. నాకూ నిద్ర పట్టలేదు. ఎంపీసీలో అన్ని మార్కులు తెచ్చుకుని, ఇంజనీరింగ్ వద్దు, ఎకనామిక్స్ చదువుతాను అన్నది మన ఇంట్లో నువ్వే మొదటిదానివి. గర్వంగా ఉంది. భయంగానూ ఉంది. ఏళ్ళ తరబడి పిల్లలకు కోర్సులు ఎంచిపెట్టే పని చేస్తున్నదాన్ని కాబట్టి నా భయాలు వట్టివి కావు, శ్రద్ధగా చదువు.

ముందు చిన్న పనులు. సెవిస్ అంటే విదేశీ విద్యార్థుల రికార్డులు ఉంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ, దాని ఫీజు 350 డాలర్లు కట్టి రసీదు ప్రింటు తీసి పెట్టుకో. ఐ-20 మీద ఉన్న ప్రారంభ తేదీకి 30 రోజుల ముందు నుంచే దేశంలోకి రానిస్తారు, టికెట్ అది చూసి కొను. బయల్దేరేలోపు పళ్ళ డాక్టరుకి చూపించుకో, కళ్ళద్దాలు రెండు జతలు చేయించుకో. స్టూడెంట్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పళ్ళతో, కళ్ళతో సంబంధం ఉండదు. పచ్చళ్ళ సంగతి మీ అమ్మ చూసుకుంటుంది. చలికోటు మాత్రం తెనాలిలో కొనొద్దు. నీ యూనివర్సిటీ ఉన్న కర్క్స్‌విల్‌లో జనవరి రాత్రుళ్ళు సున్నాకి పది, పదిహేను డిగ్రీలు దిగువకి పోతాయి. మన దగ్గర దొరికే కోటు ఆ చలికి ఆగదు. అక్టోబరులో అక్కడే కొనుక్కో.

కర్క్స్‌విల్ చిన్న ఊరు. 2020 లెక్కల్లో జనాభా పదిహేడున్నర వేలు, మన దగ్గరైతే ఓ పెద్ద మండల కేంద్రమంత. సెయింట్ లూయిస్ నుంచి కారులో మూడు, మూడున్నర గంటలు పడుతుంది. షికాగో నుంచి వచ్చే రైలు పక్కనున్న లా ప్లాటాలో ఆగుతుంది. వీధికో తెలుగు కుటుంబం ఉండే ఊరు కాదు. ఆ సంగతి ఇప్పుడే తెలిసి ఉండటం మంచిది.

లిబరల్ ఆర్ట్స్ అంటే బొమ్మలేయడమా అని మీ బాబాయి అడిగాడట. అడగనీ, నెమ్మదిగా చెప్పు. గణితం, బయాలజీ, చరిత్ర, ఆర్థికశాస్త్రం, సాహిత్యం కొంతకొంతగా అన్నీ చదువుతూ ఒకదాంట్లో లోతుకి పోవడం అని. ఆ విశ్వవిద్యాలయం 1867లో టీచర్లని తయారుచేసే బడిగా మొదలైంది. 1985లో మిస్సోరీ శాసనసభ దాన్ని రాష్ట్రమంతటికీ లిబరల్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ విద్యాసంస్థగా నిర్ణయించింది. 1996లో ఒకప్పటి అమెరికా ప్రెసిడెంట్ హ్యారీ ట్రూమన్ పేరు పెట్టారు. ఆయన ఆ రాష్ట్రం వాడే. ఆయనకి కాలేజీ డిగ్రీ లేదు, ఇదీ చెప్పు మీ బాబాయికి.

పబ్లిక్ యూనివర్సిటీ అన్నారు కదా అని మన ప్రభుత్వ కాలేజీ ఫీజులు ఊహించుకోవద్దని మీ నాన్నకి చెప్పు. రాష్ట్రం వాళ్ళకి ఒక రేటు, బయటివాళ్ళకి ఒక రేటు. స్కాలర్‌షిప్ ఉత్తరంలో మొత్తం ఒక్కటే చూడకండి. ఏటా కొనసాగాలంటే ఎంత జీపీఏ (గ్రేడుల సగటు) ఉండాలో, ఎన్ని క్రెడిట్లు పూర్తి చేయాలో రాసి ఉంటుంది. ఆ రెండు వాక్యాలూ కాగితం మీద రాసి గోడకి అంటించుకో.

ఇక చదువు. డిగ్రీకి 120 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కి సగటున 15. మూడు క్రెడిట్ల కోర్సంటే వారానికి మూడు గంటల క్లాసు. క్లాసు గంటకి బయట రెండు గంటల చదువు లెక్కేస్తారు. కాబట్టి 15 క్రెడిట్లంటే వారానికి 45 గంటలు. క్యాంపస్ ఉద్యోగం సెమిస్టర్ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు మించకూడదని వీసా నియమం. మొదటి సెమిస్టర్‌లో నువ్వు 8 గంటలు దాటకు. ఇది నా నియమం.

మొదటి వారంలో ప్రతి కోర్సుకీ సిలబస్ ఇస్తారు. మనకి సిలబస్ అంటే పాఠాల జాబితా. అక్కడ అదొక ఒప్పందం. పరీక్ష తేదీలు, ఏ పనికి ఎంత శాతం, ఆలస్యమైతే ఎంత కోత, ఎన్ని క్లాసులు మానితే గ్రేడు తగ్గుతుంది, అన్నీ అందులోనే ఉంటాయి. ఐదు సిలబస్‌లలోని తేదీలన్నీ ఒకే క్యాలెండరులోకి ఎక్కించు. అప్పుడు తెలుస్తుంది, ఏదో ఒక వారంలో రెండు మిడ్‌టర్ములూ ఒక వ్యాసమూ మీదపడతాయని. ఆ వారానికి రెండు వారాల ముందే వ్యాసం మొదలుపెట్టాలి. ఆఖరి పరీక్ష గట్టెక్కిస్తుందని కూర్చునే మన అలవాటు అక్కడ పనిచేయదు. చాలా కోర్సుల్లో అది పాతిక, ముప్ఫై శాతమే.

వ్యాసాల గురించి ఒక మాట. గైడులోని జవాబు అక్షరం పొల్లుపోకుండా రాస్తే నీకు ఇన్నాళ్ళూ పూర్తి మార్కులు వేశారు. అక్కడ అదే పని దొంగతనం కింద లెక్క. రెండు మాటలు మార్చి మిగతా వాక్యం అలాగే ఉంచినా, కింద పుస్తకం పేరు రాసినా సరే, తప్పే. పద్ధతి ఇది: పేరా చదువు, పుస్తకం మూసెయ్, దాని సారం నీ మాటల్లో రాయి, తర్వాత తెరిచి పోల్చు, పేజీ నంబరు వెయ్యి. మక్కీకి మక్కీ తీసుకుంటే కొటేషన్ గుర్తులు పెట్టు. నోట్సు రాసుకునేటప్పుడే నీ మాటలు ఒక రంగులో, పుస్తకం మాటలు ఇంకో రంగులో ఉంచు. పిల్లలు చాలామంది వ్యాసం దగ్గర పొరపడరు. నెలక్రితం రాసుకున్న నోట్సులో ఏది ఎవరి వాక్యమో తెలియక పొరపడతారు. కృత్రిమ మేధ వాడొచ్చా లేదా అన్నది ఒక్కో ప్రొఫెసరు ఒక్కోలా పెడతారు. సిలబస్‌లో చూడు, లేకపోతే అడుగు. మొదటి చిత్తుప్రతిని రైటింగ్ సెంటర్‌కి గడువుకి ఐదారు రోజుల ముందు తీసుకెళ్ళు. ముందు రోజు వెళ్తే కామాలు దిద్దించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు అసలు విషయం. మీ బావ సంగతి. అమెరికాలో వాడికి ఒక ఏడాది పోయిందని మాత్రమే నీకు తెలుసు. ఎలా పోయిందో మీ ఎవరికీ చెప్పలేదు. నీకు రాయమని వాడే అన్నాడు.

వాడు చేరింది వేరే రాష్ట్రంలో, వేరే కాలేజీ. మొదటి సెమిస్టర్ 15 క్రెడిట్లు: కాలిక్యులస్ 4, ల్యాబ్‌తో కెమిస్ట్రీ 4, రైటింగ్ 3, చరిత్ర 3, ఓరియంటేషన్ 1. కాలిక్యులస్ వాడికి మంచినీళ్ళ ప్రాయం. చరిత్రలో మొదటి వ్యాసానికి డి గ్రేడు వచ్చింది, ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. ప్రొఫెసరు పేపరు మీద 'ఆఫీస్ అవర్స్‌కి రా' అని రాశాడు, అంటే పిల్లల సందేహాలకి ఆయన కేటాయించిన వేళల్లో రమ్మని. తిట్టడానికి పిలిచాడనుకుని వీడు వెళ్ళలేదు. ఆ వ్యాసం దిద్దుకోవడంలో పడి కెమిస్ట్రీ ల్యాబ్ రిపోర్టులు వెనకబడ్డాయి. మిడ్‌టర్ములో 42 వచ్చాయి. పదో వారంలో, కోర్సు మధ్యలో విత్‌డ్రా చేసుకుంటే గ్రేడు బదులు డబ్ల్యూ పడుతుంది, అది జీపీఏకి తగలదు అని ఎవరో స్నేహితుడు చెప్పాడు. ఆ మాట నిజమే. రాత్రి పన్నెండింటికి కాలేజీ పోర్టల్ తెరిచి కెమిస్ట్రీ తీసేశాడు. పోర్టల్ ఏమీ అడగలేదు.

పదిహేనులోంచి నాలుగు పోతే పదకొండు. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద డిగ్రీ చదివేవాళ్ళకి సెమిస్టర్‌కి 12 తప్పనిసరి. ఒక్కటంటే ఒక్క క్రెడిట్ తక్కువైంది. డబ్ల్యూ గ్రేడును కాపాడుతుంది కానీ ఆ క్రెడిట్లు లెక్కలోంచి పోతాయి. కొద్ది రోజులకి, విదేశీ విద్యార్థుల సంగతులు చూసే ఇంటర్నేషనల్ ఆఫీసు తనిఖీలో దొరికాడు, సెవిస్ రికార్డు రద్దయింది.

ఇక్కడే నా కడుపు తరుక్కుపోతుంది చిన్నీ. వాడు ముందు రోజు మధ్యాహ్నం ఆ ఆఫీసు గడప తొక్కి ఉంటే దారి ఉంది. చదువులో మొదట్లో ఎదురయ్యే ఇబ్బందులకి, అంటే అక్కడి బోధన పద్ధతి కొత్త కావడం, చదవాల్సింది ఎక్కువ కావడం, పొరపాటున స్థాయికి మించిన కోర్సులో పడటం, వీటికి తక్కువ క్రెడిట్లతో ఉండేందుకు వాళ్ళు అనుమతి ఇవ్వగలరు. ఒక డిగ్రీలో ఒక్కసారే. కనీసం 6 క్రెడిట్లు ఉంచుకోవాలి, తర్వాతి సెమిస్టర్‌లో మళ్ళీ పూర్తిగా తీసుకోవాలి. ఆరోగ్యం బాగాలేకపోతే డాక్టరు ఉత్తరంతో వేరే దారి ఉంది. ఏదైనా సరే, అనుమతి ముందు, కోర్సు తీసేయడం తర్వాత. వాడిది తలకిందులైంది.

తర్వాత స్టేటస్ పునరుద్ధరణ అని, పోయిన విద్యార్థి హోదా తిరిగి ఇమ్మని అడిగే ఒక దరఖాస్తు ఉంటుంది. మామూలుగా ఐదు నెలల్లోపు పెట్టాలి, తన చేతుల్లో లేని కారణమో, ముందే అడిగి ఉంటే ఆఫీసు అనుమతి ఇవ్వగలిగిన క్రెడిట్ల తగ్గింపే అనో చూపించాలి. అది తేలేదాకా పని చేయకూడదు కాబట్టి లైబ్రరీ ఉద్యోగం పోయింది. ఎదురుచూడలేక ఇంటికొచ్చి, మళ్ళీ ఐ-20 తెచ్చుకుని, మళ్ళీ ఇంటర్వ్యూకి నిలబడ్డాడు. ఆ పదో వారం నుంచి ఇంటికొచ్చే రోజు దాకా ప్రతి ఆదివారం మీ మామయ్యతో ఫోన్‌లో ఒకటే మాట, 'బాగానే ఉన్నా నాన్నా'. తెలివిలేక జరిగింది కాదు ఇది. మంచిపిల్లాడు కాబట్టి జరిగింది. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదనుకున్నాడు. ఏడో క్లాసులో 102 జ్వరం దాచి సోషల్ పరీక్ష రాసొచ్చిన పిల్లవి నువ్వు. నా భయం ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

అందుకని నీకు వరస చెప్తున్నాను. మూడో వారంలో ఏ క్విజ్‌లోనైనా 70 తగ్గితే అదే ప్రమాద ఘంటిక. నాలుగో వారంలో ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళు. 'నాకేమీ అర్థం కావట్లేదు' అనకు, దానికి ఆయన మాత్రం ఏం చెప్తాడు? నువ్వు చేసిన లెక్క కాగితం పట్టుకెళ్ళి 'ఈ మూడో లైను దాకా వచ్చాను, ఇక్కడ ఆగిపోయాను' అను. వ్యాసమైతే 'ఈ పేరాలో నా వాదన ఎక్కడ జారింది?' అని అడుగు. పది నిమిషాల పని. 'ప్రొఫెసర్' అని ఇంటిపేరుతో పిలిస్తే చాలు, చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు, కుర్చీలో కూర్చో. ఐదో వారానికీ తేరుకోకపోతే ట్యూటరింగ్. ఆ తర్వాత అడ్వైజర్. విత్‌డ్రా ఆలోచన వచ్చిన క్షణాన ఇంటర్నేషనల్ ఆఫీసు, మెయిల్ పెట్టు, జవాబు రాతలో వచ్చేదాకా పోర్టల్ తెరవకు. ఆన్‌లైన్ కోర్సు కూడా సెమిస్టర్‌కి ఒకటే, మూడు క్రెడిట్ల మేరకే ఆ 12లోకి వస్తుంది. గది మారితే పది రోజుల్లోపు చిరునామా తెలియజేయాలి.

మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, దాని గురించి కంగారు లేదు. మొదటి ఏడాది ఎకనామిక్స్‌తోపాటు స్టాటిస్టిక్స్ ఒకటి తీసుకో. నీకు ఏ మాత్రం సంబంధం లేదనిపించేది కూడా ఒకటి తీసుకో, సంగీతమో ఆంత్రోపాలజీయో. మూడో ఏడాదిలో జిన్స్ అని పలు శాస్త్రాలని కలిపి నడిపే సెమినార్ ఉంటుంది. అప్పుడు ఆ సంబంధం లేని కోర్సే నీకు మాట్లాడటానికి ఏదో ఒకటి ఇస్తుంది. బీఏ అయితే మరో భాష నేర్చి ఉండాలంటారు, బీఎస్ అయితే సైన్సో గణితమో అదనంగా. తెలుగు ఆ భాష లెక్కలోకి వస్తుందేమో అడుగు. అడగడం అలవాటు కావడానికి అది మంచి మొదటి ప్రశ్న.

సెమినార్లలో నోరు విప్పడం కూడా గ్రేడులో భాగమే. క్లాసుకి ముందే ఒక ప్రశ్న, ఒక పేజీ నంబరు కాగితం మీద రాసుకుని వెళ్ళు. మొదటి పదిహేను నిమిషాల్లోనే మాట్లాడు. ఆలస్యం చేసే కొద్దీ గొంతు పెగలదు. నీ ఇంగ్లీషు యాస గురించి సిగ్గుపడితే నేనొచ్చి నీ పక్కన కూర్చుంటాను, చూసుకో.

అమ్మకి ఆదివారం ఉదయం ఎనిమిదింటికి చెయ్యి. అప్పుడు తెనాలిలో సాయంత్రం ఆరున్నర. నవంబరులో గడియారం గంట వెనక్కి జరిపాక ఏడున్నర అవుతుంది, ఆ మొదటి వారం అమ్మ కంగారుపడుతుంది, ముందే చెప్పు. ఫోన్‌లో ముందుగా ఆ వారం సరిగ్గా జరగని సంగతి ఒకటి చెప్పాలి, ఆ తర్వాతే తిన్నావా, పడుకున్నావా. మీ అమ్మతో కూడా ఈ ఒప్పందం మాట్లాడాను, సరేనంది. ఆమెకి చెప్పలేనిది ఏదైనా ఉంటే నాకు చెయ్యి, ఏ రాత్రయినా.

రిజిస్ట్రేషన్ తేదీ రాగానే ఐదు కోర్సుల పేర్లూ, ఒక్కోదానికి ఎన్ని క్రెడిట్లో రాసి పంపు. నేను కూడి చూస్తాను.

మీ పెద్దమ్మ