తమ్ముడికి చదవడం ఎందుకు రావట్లేదో పరిశోధించాలనుంది, ఏం చదవాలి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లెటూరు. నల్లగొండలో బీఎస్సీ బీజెడ్‌సీ ఫైనలియర్ చదువుతున్నాను. మా తమ్ముడు ఆరో తరగతి. లెక్కలు నోటితో టకటకా చెప్తాడు, పాఠం చదవమంటే చెమటలు పడతాయి. బళ్లో మొద్దు అంటున్నారు. ఇలాంటి పిల్లల మీద పరిశోధన చేయాలనుంది. సైకాలజీ చదవనిదే కుదరదా?

జవాబు: కుదురుతుంది. మెదడు ఎలా నేర్చుకుంటుంది, ఎలా ఆలోచిస్తుంది అని చూసే కాగ్నిటివ్ సైన్స్‌లోకి బయాలజీ, కంప్యూటర్స్, భాషాశాస్త్రం చదివినవాళ్లంతా వస్తారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉంది. గాంధీనగర్ ఐఐటీ, అలహాబాద్ యూనివర్సిటీల్లోనూ ఈ సబ్జెక్టులో పీజీ చేయొచ్చు. అర్హతలు, ఎంట్రన్స్ వివరాలు ఈ ఏడాది నోటిఫికేషన్లలోనే చూసుకోండి.

కోర్సు కన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బందిని డిస్లెక్సియా అంటారు. దాని మీద జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఇంగ్లిష్ చదివే పిల్లల మీద చేసిందే. మన లిపి తీరు వేరు. 'ప్రీతి' తీసుకోండి. గుడిదీర్ఘం ప మీద, ర వత్తు ప కింద ఉంటాయి. పలికేటప్పుడు మాత్రం ముందు 'ప్', తర్వాత 'ర్', చివర్లోనే 'ఈ'. కంటికి కనిపించే వరుస ఒకటి, చెవికి వినిపించే వరుస ఇంకొకటి. దాన్ని 'పీర్తి' అని చదివిన పిల్లవాడికి అక్షరాలు రాక కాదు, వరుస తప్పి కూడా కావచ్చు. ఒడిశాలో పుట్టి కెనడాలోని అల్బర్టా యూనివర్సిటీలో పనిచేసిన జె.పి. దాస్ తెలివిని ఒకే స్కోరుతో కొలవకూడదన్నారు. ప్లానింగ్, శ్రద్ధ, అన్నిటినీ కలిపి ఒకేసారి చూడడం, వరుసలో పేర్చుకోవడం అని నాలుగుగా విడదీశారు. చదువు కుంటుపడే పిల్లల్లో ఈ వరుస పేర్చుకోవడాన్నే ముఖ్యంగా గమనించమన్నారు. మీ తమ్ముడికి లెక్కలొచ్చి చదువు రాకపోవడం వింతేమీ కాదు.

మనకు దగ్గరి లిపి కన్నడ. దాని మీద సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పిల్లలకు అక్షరాలన్నీ పట్టుబడడం మూడు, నాలుగు తరగతుల దాకా సాగుతుంది. అంటే రెండో తరగతి పిల్లవాడు వత్తులు తప్పితే వెంటనే డిస్లెక్సియా అనేయకూడదు. ఆరో తరగతిలోనూ తప్పుతుంటే మాత్రం పరీక్ష చేయించాల్సిందే. మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ డిస్లెక్సియాను గుర్తించడానికి 'డాలి' పరీక్షను మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్‌లలో తెచ్చింది. ఆ మొదటి విడతలో తెలుగు లేదు. తెలుగు పుట్టుకతో వచ్చి, బయాలజీ చదివి, పల్లె బడి ఎలా ఉంటుందో తెలిసిన మీలాంటివాళ్లు ఈ రంగానికి చాలా అవసరమని గట్టిగా నమ్ముతున్నాను.

పరిశోధన వేరు, పిల్లలకు నేరుగా నేర్పించడం వేరు. రెండోదే మీ మనసులో ఉంటే స్పెషల్ బీఈడీ చేసి రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. పరిశోధనే అయితే స్టాటిస్టిక్స్, కొంచెం ప్రోగ్రామింగ్ ఇప్పటినుంచే మొదలుపెట్టండి. బీజెడ్‌సీ వాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే.

తమ్ముడికి మీరే డిస్లెక్సియా అని పేరు పెట్టొద్దు. ముందు కంటిచూపు, వినికిడి చూపించండి. తర్వాత మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో అడగండి, లేదా సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని నీపిడ్ (మేధోపరమైన వైకల్యాల జాతీయ సంస్థ)లో సంప్రదించండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ ఇబ్బంది కూడా ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి వెసులుబాట్ల గురించి ఆ చట్టమే చెబుతోంది. సర్టిఫికెట్ వస్తే హెడ్మాస్టర్‌ను ధైర్యంగా అడగొచ్చు.

ఇంట్లో సంపాదన గురించి టెన్షన్ పడితే ఇది చెప్పండి: పీజీ తర్వాత నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే, 2023 నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 ఫెలోషిప్ ఇస్తారు.