పాత ఏసీకి 13,000 పెట్టాలా, ఎఫ్‌డీ తీసి కొత్తది కొనాలా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. సముద్రం ఏడెనిమిది కిలోమీటర్లు. అమ్మానాన్నల గదిలో 2013లో కొన్న ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ ఉంది. గది 12×11 అడుగులు, పైన ఇంకో అంతస్తు ఉంది. మూడేళ్ళుగా ఏటా మార్చిలో 3,500 పెట్టి గ్యాస్ ఎక్కిస్తున్నాం. ఈసారి లోపలి కాయిల్ పోయిందని, దాన్ని మార్చి గ్యాస్ ఎక్కించడానికి 13,000 అవుతుందని మెకానిక్ అంటున్నాడు. షాపులో ఒకటిన్నర టన్ను 5 స్టార్ 45,000, 3 స్టార్ 37,000 చెప్పారు. పాతదానికి 3,000 ఇస్తారట. నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉందట. జీతం చేతికి 48,000, ఇంటి ఖర్చు 30,000. కొబ్బరి దింపు మీద రెండు నెలలకోసారి 15,000 దాకా వస్తుంది. బ్యాంకులో 1,20,000 ఎఫ్‌డీ ఉంది. అది తీసేయమని ఇంట్లోవాళ్ళు అంటున్నారు. ఇంకో గదిలో 2020 నాటి 3 స్టార్ ఇన్వర్టర్ ఏసీ ఉంది. పోయిన మే నెల 430 యూనిట్లు కాలింది. ఏం చేయమంటారు?

జవాబు: కొత్తది కొనండి. ఎఫ్‌డీ తీయకండి. అయితే షాపువాడు చూపించిన రెండూ మీ గదికి సరిపడేవి కావు.

ముందు ఆ 3,500 సంగతి. ఏసీలో గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయిపోయేది కాదండీ. అది మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని. మూడేళ్ళలో మీరు పెట్టిన 10,500 చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. ఇన్నాళ్ళకు మెకానిక్ కాయిల్ పేరు చెప్పాడు, నిజమే అయ్యుండొచ్చు. కానీ ఎక్కువ కారేది గొట్టాలు బిగించే ఫ్లేర్ నట్ల దగ్గర. నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ పూసి, బుడగలు ఎక్కడొస్తున్నాయో మీ కళ్ళతో చూడండి. నట్టు దగ్గరైతే కొద్దిపాటి ఖర్చుతో ఈ వేసవి గడుస్తుంది, కొనడానికి తీరిక దొరుకుతుంది. కాయిల్ దగ్గరే అయితే ఆ 13,000 పెట్టొద్దు. 2013 నాటి ఏసీ అంటే దాదాపు ఆర్-22 గ్యాస్‌దే, వెనక స్టిక్కరు మీద చూడండి. ఆ గ్యాస్‌తో కొత్త ఏసీలు చేయడం మన దేశంలో 2025 జనవరి నుంచి ఆగిపోయింది. దొరికే గ్యాస్, విడిభాగాలు ఇక తగ్గేవే. ‘ఆర్-32 వేసేస్తాను’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దాని పీడనం ఎక్కువ, మండే గుణం కూడా కొంత ఉంది. పాత కంప్రెసర్ దానికోసం చేసింది కాదు.

ఇక కరెంటు లెక్క. చాలామంది మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి ‘యూనిట్ ఆరున్నర పడుతోంది’ అనుకుంటారు. పొరపాటు అక్కడే. మన శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. మీ 430 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 2,841. సర్దుబాటు చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీ వేరు. సగటు 6.60 పడినా, ఏసీ తాగేది పై శ్లాబులో కరెంటు. మీరు తగ్గించే ప్రతి యూనిట్టూ పైనుంచే తగ్గుతుంది.

పాత ఏసీ కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు 1,700 వాట్ల దాకా లాగుతుంది. రాత్రి 8 గంటల్లో 70 శాతం సేపు తిరిగితే తొమ్మిదిన్నర యూనిట్లు. మంచి 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీ అదే పని ఐదున్నరలో చేస్తుంది. నెలకు 120 యూనిట్లు మిగిలాయనుకుంటే 430 కాస్తా 310 అవుతుంది. పైనున్న 30 యూనిట్లకు 9.75 చొప్పున, తర్వాతి 90కి 8.75 చొప్పున మొత్తం 1,080 రూపాయలు. ఏప్రిల్, మే, జూన్ కలిపి 3,240. తర్వాత అక్టోబరు దాకా నాలుగు నెలల్లో నెలకు పదిహేను రాత్రులు వేస్తారనుకుంటే 260 యూనిట్లు 200 అవుతాయి, నెలకు 456 మిగులుతుంది. ఏడాదికి మొత్తం 5,000 పైచిలుకు. గ్యాస్ ఖర్చు 3,500 కలిపితే 8,500. ఎక్స్చేంజ్ పోను 34,000కు దొరికితే నాలుగేళ్ళలో తిరిగొచ్చేస్తుంది. కాయిల్ మార్చినా లెక్క ఆ నాలుగేళ్ళ దగ్గరే తేలుతుంది. అదీ ఆ కాయిల్, ముసలి కంప్రెసర్ అన్నాళ్ళు బతికితే.

34,000కు ఎలా దొరుకుతుందంటారా? మీ గది 132 చదరపు అడుగులు. నెత్తిన ఎండ తగిలే శ్లాబు లేదు. దానికి ఒక టన్ను చాలు. ఒక టన్ను 5 స్టార్ ధర సుమారుగా ఒకటిన్నర టన్ను 3 స్టార్ చుట్టుపక్కలే, అంటే 37,000 దగ్గర ఉంటుంది. డబ్బు ఒక్కటే కాదు, మన తేమకు కూడా ఇదే మంచిది. గదికి మించిన ఏసీ గబగబా చల్లబరిచి ఆగిపోతుంది. గాలిలో తేమ దిగేది కాయిల్ చల్లగా ఉండి గాలి దాని మీదుగా నిలకడగా సాగినప్పుడే. త్వరగా ఆగితే గది చల్లగానే ఉంటుంది, పక్కలు మాత్రం చెమ్మగా ఉంటాయి. అప్పుడు మీరు 20కి తగ్గిస్తారు, బిల్లు పెరుగుతుంది, చెమ్మ పోదు. కూలర్ ఆలోచన ఉంటే మానుకోండి. బయట 34 డిగ్రీలు, తేమ 70 శాతం ఉన్న రోజున నీటి ఆవిరితో గాలి 29 దాకా దిగడమే గగనం. పైగా గదిలోకి ఇంకాస్త తేమ ఎక్కిస్తుంది. అలాగే హాట్ అండ్ కోల్డ్ మోడల్ అని ఎక్కువ అడుగుతారు. సంక్రాంతి చలికి మనకు దుప్పటి చాలు.

షాపులో నక్షత్రాలు లెక్కపెట్టకండి, లేబుల్ మీద సంవత్సరం, ఐఎస్ఈఈఆర్ (కరెంటుకు తగ్గ చల్లదనం ఎంతో చెప్పే) అంకె చూడండి. 2022 జూన్ దాకా 4.5 ఉంటే 5 స్టార్, ఆ తర్వాత 5.0 కావలసి వచ్చింది. 2026 జనవరి నుంచి పట్టిక మళ్ళీ బిగించారు. పాత స్టాకు 5 స్టార్ చవగ్గా వస్తుంటే నష్టమేమీ లేదు, అది ఏ ఏటి లేబులో తెలిసి కొంటే చాలు. ఏసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18. బిల్లు మీద సరిచూసుకోండి. బయటి యూనిట్ కాయిల్‌కు తుప్పు పట్టని పూత ఉందో లేదో, వారంటీలో కాయిల్, గ్యాస్ ఉన్నాయో లేవో, ‘తీర ప్రాంతపు తుప్పు వర్తించదు’ అన్న వాక్యం ఎక్కడైనా దాక్కుందేమో చదవండి. రాగి గొట్టం ఎన్ని మీటర్లు ఉచితమో, ఆపైన మీటరుకు ఎంతో ముందే రాయించుకోండి. గోడలోని పాత గొట్టాలే వాడతానంటే వద్దనండి, వాటిలో పాత గ్యాస్ తాలూకు నూనె ఉంటుంది. బిగించాక వాక్యూమ్ పంపు పెట్టాలి. ‘కొంచెం గ్యాస్ వదిలి గాలి తోసేస్తా’ అంటే ఒప్పుకోవద్దు. గొట్టంలో మిగిలిన తేమ కంప్రెసర్ ఆయుష్షు తినేస్తుంది.

డబ్బు ఎలా కట్టాలి? ఎఫ్‌డీ మీ ఇంటి నాలుగు నెలల ఖర్చు. అందులోంచి 34,000 తీస్తే మూడు నెలలకు కూడా చాలదు. మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది 2025 అక్టోబరు 28 రాత్రే కదా. కొబ్బరి చెట్టు పడితే దింపు ఆదాయమూ పడుతుంది. అలాంటి నెలలో ఆదుకునే డబ్బు అది. నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ మాయం కాదు. నగదు కొనుగోలుదారుకు ఇచ్చే తగ్గింపు మీకు రాదు. క్రెడిట్ కార్డు మీదైతే వడ్డీపై 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మీవే. ముందు ‘నగదు ధర ఎంత?’ అని అడగండి. 1,500 తగ్గినా ఈఎంఐ ఓడిపోయినట్టే.

నేను చెప్పేది: రాబోయే దింపు డబ్బు 15,000 పెట్టండి. మిగతా 19,000 ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీ తీయకుండా దాన్ని హామీగా పెట్టి వాడుకునే అప్పు) తీసుకోండి. దాని వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ రేటు మీద ఒక శాతం ఎక్కువ. ఏడున్నర శాతం అనుకుంటే ఆరు నెలల్లో తీర్చేసరికి వడ్డీ 500 లోపే. నెలకు 3,250 చొప్పున మార్చి నుంచి కడితే ఆగస్టుకు తీరిపోతుంది, తుపాన్ల కాలానికి ఎఫ్‌డీ మీద బాకీ ఉండదు. సెప్టెంబరు నుంచి నెలకు 700 రికరింగ్ డిపాజిట్ వేయండి. ఉప్పుగాలిలో ఏసీకి ఎనిమిదేళ్ళ ఆయుష్షు వేసుకుంటే ఏడాదికి 4,600, రెండు ఏసీలకు నాలుగు సర్వీసులు 2,400, కెపాసిటర్‌ లాంటి చిల్లర 1,000. ఆ మొత్తానికి ఈ 700 సరిపోతుంది. తర్వాతి ఏసీకి అప్పు అక్కర్లేదు.

ఆ ఎనిమిదేళ్ళు రావాలంటే సర్వీసు రెండుసార్లు: శివరాత్రికి చలి శివశివా అని పోయాక ఒకసారి, వానలు వెనకబట్టాక నవంబరులో ఒకసారి. లోపలి కాయిల్‌తో పాటు బ్లోయర్ రోలరు, డ్రైన్ ట్రే కడిగారా చూడండి. రోలరు మీద నల్ల బూజు ఉంటే గాలి సగానికి పడిపోతుంది. సీజనులో ఫిల్టర్ పదిహేను రోజులకోసారి మీరే కడిగి నీడన ఆరబెట్టండి. గాలి ఆడక కాయిల్ మీద మంచు కడితే, కరిగిన నీరు గోడ మీదికి కారుతుంది. మన దగ్గర ఒక రాత్రికి బకెట్టు నిండా నీరు దిగడం మామూలే, కాబట్టి డ్రైన్ గొట్టం మధ్యలో ఎక్కడా వంపు తిరగకుండా దిగాలి, కొస నీళ్ళలో మునగకూడదు. పాకుడు పట్టి మూసుకుంటే ట్రే పొంగుతుంది. రాగి గొట్టం మీది నల్ల రబ్బరు తొడుగు ఎండకు పగిలితే గొట్టం చెమరుస్తుంది. అదీ గోడ తడికి ఒక కారణం. మెకానిక్ మాత్రం గ్యాస్ అంటాడు.

బయటి యూనిట్‌ను నెలకోసారి స్విచ్చి, ఎంసీబీ (బోర్డులోని బ్రేకరు) ఆపి మంచినీళ్ళతో సన్నగా కడగండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాటితో వద్దు. పేరుకున్న ఉప్పు కడగబోయి ఇంకో పొర పూసినట్టవుతుంది. కుళాయి నీళ్ళో, వాన నీళ్ళో వాడండి.

2020 ఏసీని కదపకండి. దాన్ని 5 స్టార్‌గా మారిస్తే వచ్చే మిగులు దాని ధరను దాని జీవితకాలంలో తీర్చలేదు. 26 పెట్టి, ఫ్యాన్ తిప్పి పడుకోండి. డిగ్రీకి 6 శాతం ఆదా అని స్టార్ లేబుళ్ళు ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ లెక్క. శ్రావణ భాద్రపదాల్లో డ్రై మోడ్ చాలు. చేపల, రొయ్యల చెరువుల ఏరియేటర్లు (నీటికి గాలి పట్టించే మోటార్లు) మీ ట్రాన్స్‌ఫార్మర్ మీదే ఉంటే రాత్రి పదింటప్పుడు ఓల్టేజీ ఒకసారి కొలిపించండి. కొత్త ఏసీ పెట్టె మీద రాసిన కనిష్ఠం కన్నా తక్కువ వస్తేనే స్టెబిలైజర్ కొనండి. తుపాను హెచ్చరిక రాగానే ఎంసీబీ దించేయండి. కరెంటు వచ్చిన వెంటనే ఎత్తకుండా, లైట్లు నిలకడగా వెలిగేదాకా ఓ పావుగంట ఆగండి.