బ్లెచ్లీ పార్క్ మర్డర్ మిస్టరీలు చదవాలంటే లెక్కలు రావాలా?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్లెచ్లీ పార్క్ అనే బ్రిటన్ రహస్య కేంద్రంలో శత్రువుల కోడ్‌లు ఛేదించిన ఆడవాళ్ల చుట్టూ అల్లిన మర్డర్ మిస్టరీ చదవాలనుంది, లెక్కలు రాకపోయినా అర్థమవుతుందా అని అడిగారు. అవుతుంది. నేనూ ఈ టెన్షన్‌తోనే అలాంటి నవల ఒకటి సగంలో పక్కన పెట్టేశాను. ఎనిగ్మా అనే కోడ్ యంత్రం, అందులో అక్షరాలు మార్చే చక్రాలు (రోటర్లు), వాటి వైరింగ్ అని వచ్చేసరికి బుర్ర వేడెక్కిపోయేది.

తర్వాత ఇంగ్లండ్ వెళ్లినప్పుడు లండన్ యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కి బ్లెచ్లీ పార్క్ చూసొచ్చాను. అక్కడ కోడ్‌లు ఛేదించిన మేవిస్ లీవర్ గురించి తెలిశాక నా భయం పోయింది. 1940లో అక్కడ చేరేనాటికి ఆమెకు 20 ఏళ్లు కూడా నిండలేదు. చదువుతున్నది జర్మన్ సాహిత్యం. ఒకసారి ఇటలీ వాళ్ల పొడుగాటి సందేశం ఒకటి ఆమె చేతికొచ్చింది. అందులో ‘ఎల్’ అనే అక్షరం ఒక్కచోట కూడా లేదు. ఎనిగ్మాలో ఏ అక్షరం నొక్కినా అదే అక్షరం మాత్రం తిరిగి రాదు. అంటే, ఉత్తుత్తి సందేశం పంపమంటే అవతలి మనిషి బద్ధకించి మొదటి నుంచి చివరిదాకా ‘ఎల్’ ఒక్కటే నొక్కాడన్నమాట! దాన్ని పట్టుకునే ఒక రోటర్ లోపలి వైరింగ్ రాబట్టారు. ఉండాల్సింది ఎందుకు లేదని ఆరా తీయడం డిటెక్టివ్ పనే కదా. ఈ మాత్రం తెలిస్తే చాలు.

ఈ కథలకు ప్రాణం అక్కడి రహస్యం. మేవిస్ పెళ్లాడిన కీత్ బేటీ కూడా అక్కడే పనిచేశాడు. అయినా 1970ల మధ్య వరకూ అక్కడివాళ్లు దాదాపు ఎవరూ ఆ పని గురించి బయట నోరెత్తలేదు. అలాంటి చోట హత్య జరిగితే, ఆధారం చేతిలో ఉన్నా అది ఎలా తెలిసిందో పోలీసులకు చెప్పడానికి లేదు. ఆ నవల మళ్లీ మొదటి నుంచి చదివినప్పుడు హంతకుడి సంగతి కంటే కథానాయిక మౌనమే నన్ను ఎక్కువ కుదిపేసింది.

అందరినీ మేధావులుగా చూపించే నవలలు మాత్రం నాకు నచ్చవు. అక్కడి సిబ్బందిలో దాదాపు 75 శాతం ఆడవాళ్లే. ఎక్కువ మంది ‘బాంబ్’ అనే కోడ్ ఛేదించే యంత్రాల హోరులో షిఫ్టులు చేసినవాళ్లు, టైపిస్టులు, కార్డుల మీద వివరాలు రాసిపెట్టినవాళ్లు. మేధావులకైనా దక్కిన గౌరవం అంతంతే. అక్కడి హట్ 8 అనే విభాగంలో పనిచేసిన జోన్ క్లార్క్‌కు జీతం పెంచాలంటే ఆడ క్రిప్టనలిస్టులకు (కోడ్‌లు ఛేదించేవాళ్లకు) పై హోదాయే లేదు. అందుకని ‘లింగ్విస్ట్’ (భాషా నిపుణురాలు) అని రాసుకున్నారు, ఆమెకు వేరే భాషలేవీ రాకపోయినా.

ఇలాంటి మనుషులు కనిపించే నవల ఎంచుకోండి. మధ్యలో వైరింగ్ పేజీలు వస్తే గబగబా తిప్పేయండి, కథ ఎక్కడా తెగదు.