రాయగడలో ఇద్దరి వంట ఖర్చు: ముందు పొయ్యి వెలిగే గంటలు లెక్కపెట్టండి

అడిగిన ప్రశ్న ఇదీ: ఒడిశాలోని రాయగడలో అద్దె ఇల్లు, ఉండేది ఇద్దరు. ఇంట్లోనే బ్లౌజులు కుట్టడం, సాయంత్రం పిల్లలకి ట్యూషన్. ఒక నెల డబ్బు కనిపిస్తుంది, ఇంకో నెల కనిపించదు. బయట తినకపోయినా ఏమీ మిగలడం లేదు, ఎక్కడ తగ్గించాలి?

కూరగాయల బేరంలో మిగిలేది చాలా తక్కువ. కుట్టుపని ఉన్న ఇంట్లో డబ్బు కారిపోయేది రోజుకి మూడు నాలుగుసార్లు పొయ్యి వెలిగించడం దగ్గర. గ్యాస్ ఒకటే కాదు, మిషన్ మీద నుంచి లేచిన ప్రతిసారీ అరగంట పని పోతుంది.

సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. పెద్ద బర్నర్ గంటకి సుమారు 150 నుంచి 180 గ్రాములు కాలుస్తుంది. అంటే మొత్తం 80, 90 గంటల మంట. రోజుకి రెండు గంటలు వెలిగితే నెలన్నరకి ఖాళీ. గంటకి దించితే మూడు నెలలకి అటూ ఇటూగా వస్తుంది. మంట నీలంగా కాకుండా పసుపుగా ఉంటే బర్నర్ కన్నాలు పూడిపోయాయని అర్థం, పిన్నీసుతో శుభ్రం చేయండి. గిన్నె అడుగు దాటి పక్కలకి ఎగబాకే మంటంతా దండగే.

పొద్దున్న ఒక్కసారే వండండి. కందిపప్పు ఒక గ్లాసు, ఉప్పుడు బియ్యం రెండు గ్లాసులు, రెండూ అరగంట నానాలి. కుక్కర్ అడుగున పప్పు, మూడు గ్లాసుల నీళ్లు, పసుపు, నురగ పొంగకుండా అర చెంచా నూనె. పప్పు, నీళ్లు కలిపి కుక్కర్‌లో సగం దాటకూడదు, దాటితే నురగ వెళ్లి ఆవిరి గొట్టంలో అడ్డం పడుతుంది. పైన గిన్నెలో బియ్యం, ఐదు గ్లాసుల నీళ్లు. మొదటి కూత రాగానే మంట బాగా తగ్గించి పది నిమిషాలు ఉంచి ఆర్పేయండి. ఆవిరి దానంతట అది దిగేదాకా మూత తియ్యకండి, ఆ పావుగంటలో కూడా ఉడుకుతూనే ఉంటుంది. ఏడెనిమిది కూతలు పెద్ద మంట మీద వేయించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ప్రెషర్ వచ్చాక లోపల వేడి ఇంకా పెరగదు, మీరు కొన్న గ్యాస్ ఆ కూతల్లో బయటికి పోతుంది. మూత అంచు నుంచి ఆవిరి కారుతుంటే రబ్బరు గట్టిపడింది, మార్చేయండి.

పప్పు మెత్తబడకపోతే మూడు కారణాలు చూడండి: పాత పప్పు, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు, ముందే వేసిన చింతపండు లేదా టమాటా. పులుపు ఎప్పుడూ పప్పు ఉడికాకే. సోడా వేస్తే త్వరగా మెత్తబడుతుంది గానీ బి1 విటమిన్ పోతుంది.

ఈ ఊళ్లో ఉండి డాల్మా, అంటే కూరగాయలు వేసిన ఒడియా పప్పు, వండుకోకపోవడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది. సాంబారుకి ముక్కలు వేరే ఉడకాలి, చింతపండు రసం మరగాలి, మళ్లీ పోపు. డాల్మాకి గుమ్మడి, పచ్చి బొప్పాయి, అరటికాయ, వంకాయ పెద్ద ముక్కలుగా కోసి పప్పుతోనే కుక్కర్‌లో పడేస్తే చాలు. దించాక నేతిలో జీలకర్ర, ఎండుమిరప పోపు. పైన వేయించి దంచిన జీలకర్ర, మిరప పొడి.

రాత్రికి చద్దన్నం. ఒడియా వాళ్ల పఖాళ, మన తరవాణి అన్నం ఒకే దారిలో నడుస్తాయి. వండిన అన్నం వెంటనే పళ్లెంలో పరిచి చల్లార్చాలి. గంటలోపు కుండలోకి తీసి, ఒక వంతు అన్నానికి రెండు వంతులు తాగే నీళ్లు, నిన్నటి పులిసిన నీళ్లు రెండు చెంచాలు పోసి, పల్చటి గుడ్డ కట్టండి. వేసవిలో పొద్దున్న పోస్తే రాత్రికి పులుస్తుంది. చలికాలంలో మర్నాటిదాకా పడుతుంది, పొయ్యి పక్కన పెడితే కొంచెం త్వరగా అవుతుంది. ఉప్పు తినేటప్పుడే వేసుకోవాలి, ముందే వేస్తే పులియడం మందగిస్తుంది. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు దాన్ని తినేస్తుంది. పచ్చి బియ్యపు అన్నం ముద్దైపోతుంది, ఉప్పుడు బియ్యం పలుకు నిలుస్తుంది.

ఇందులో ప్రమాదం ఒకటే. వేడన్నం మూతపెట్టి సాయంత్రం దాకా ఉంచి అప్పుడు నీళ్లు పోయడం. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మక్రిమి విత్తులు ఉడికినా చావవు, గోరువెచ్చటి అన్నంలో పెరిగి విషం వదులుతాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. జిగురు, తీగ సాగడం, గులాబీ లేదా నల్ల మచ్చలు కనిపిస్తే మొత్తం పారబోయండి. ఉల్లిపాయ, మిరపకాయతో చద్దన్నం రుచే గానీ బలం చాలదు. మిగిలిన పప్పో, గుడ్డో, గుప్పెడు వేయించిన వేరుశనగ పప్పులో, ఎండుచేపో పక్కన ఉండాలి.

రేషన్ బియ్యంలో నీళ్లలో తేలే గింజల్ని ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేసేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు, సుమారు నూటికి ఒకటి చొప్పున కలిపినవి. ఏరకండి. గంజి వార్చి పారబోయకండి.

చింతపండు మాత్రం కిరాణా కొట్లో వంద గ్రాముల పొట్లాలు కొనొద్దు. మాఘం నుంచి చైత్రం దాకా కొండల మీదివాళ్లు సంతకి కొత్త కాయ తెస్తారు. ఇద్దరికి ఏడాదికి గింజ తీశాక మూడు కిలోలు చాలు. పెంకు, ఈనెలు, గింజలు తీసి రెండు రోజులు ఎండబెట్టి, కిలోకి గుప్పెడు ఉప్పు కలిపి జాడీలో అదిమి పెట్టండి. గింజ మిగిలితే పురుగు పడుతుంది, తడి మిగిలితే బూజు. కందిపప్పు కూడా కొత్త పంట వచ్చినప్పుడే, డబ్బు కనిపించిన నెలలో కొనండి. పది రూపాయల మసాలా పొట్లాలు ఎంత బరువున్నాయో చూసి కిలో ధర కట్టి చూడండి, ఆ తర్వాత ధనియాలు, జీలకర్ర ఇంట్లోనే వేయించి దంచుకుంటారు.

ఇక రాబడి. నెల ఖర్చుని సగటు రాబడి మీద కాకుండా ఏడాదిలో అతి తక్కువ వచ్చిన నెల మీద కట్టండి. పైన వచ్చింది ముందు అద్దెకి, తర్వాత సరుకుల నిల్వకి. జూన్‌లో ఒడియా వాళ్ల రజ పండగ, దసరా, సంక్రాంతి ముందు వారాల్లో కుట్టుపని పోటెత్తుతుంది. అప్పుడు డాల్మా, చద్దన్నం తప్ప వేరే వంట పెట్టుకోకండి. బ్లౌజు తీసుకునేటప్పుడే లైనింగ్, హుక్స్, దారం డబ్బు మొత్తం, కూలిలో సగం చేతిలో పెట్టించుకోండి. లైనింగ్ మీ డబ్బుతో కొంటే, వాళ్లు బ్లౌజు తీసుకెళ్లేదాకా మీ పప్పు డబ్బు అందులోనే ఇరుక్కుంటుంది. కాటన్ లైనింగ్ ముందు నీళ్లలో తడిపి ఆరబెట్టి కత్తిరించండి. లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుని బ్లౌజు మళ్లీ మీ దగ్గరికే వస్తుంది, ఆ విప్పి కుట్టే పనికి ఎవరూ కూలి ఇవ్వరు.