ముందు విన్నది రాయి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నాణెం వేసి ఇనుప బంతితో ఆడే నీ పిన్‌బాల్ యంత్రం గోర్గార్‌లో ధ్వని లోపాలను సరిచేయడం గురించి నువ్వు పంపిన వ్యాసం అందింది. భాష బాగుంది, చెయ్యి తిరిగిన వాక్యం ఉంది. ఇక అసలు విషయానికి వస్తాను.

మూడో పేజీలో, ఒక పేరా మధ్యలో, "గుండె చప్పుడు వినిపిస్తోంది కానీ గోర్గార్ మాట్లాడటం లేదు" అని రాశావు. ఆ వాక్యాన్ని అక్కడే వదిలేసి, కరెంటును చదునుచేసే ఫిల్టర్ కెపాసిటర్లన్నీ మార్చానని, కనెక్టర్లకు కొత్త పిన్నులు వేశానని, బోర్డులను కలిపే రిబ్బన్ కేబుల్ మార్చానని, చివరికి మాటలు పలికించే స్పీచ్ బోర్డు కూడా కొత్తది తెప్పించి బిగించానని, దాంతో యంత్రం మాట్లాడిందని ముగించావు. ఆ ఒక్క వాక్యం చదివినప్పుడు కలిగిన సంతోషం, తర్వాతి పేరా పూర్తయ్యేసరికి కోపంగా మారింది. ఈ ఉత్తరం ఆ కోపంలోంచి రాస్తున్నదే.

నీ యంత్రం విలియమ్స్ వాళ్లు 1979లో చికాగోలో తయారుచేసిన గోర్గార్. మాట్లాడిన మొదటి పిన్‌బాల్ యంత్రం అదే. దానికి తెలిసినవి ఏడు మాటలు. ఆట సాగేకొద్దీ వేగం పెరిగే గుండె చప్పుడు దాని ప్రత్యేకత. ఈ రెండు శబ్దాలూ ఒకే స్పీకర్ నుంచి వస్తాయి గానీ పుట్టే చోట్లు వేరు. గుండె చప్పుడును సౌండ్ బోర్డు మీది ప్రాసెసర్ అంకెలుగా లెక్కకట్టి, అదే బోర్డు మీది డీఏసీ చిప్ ద్వారా విద్యుత్ తరంగంగా మారుస్తుంది. మాటలు మాత్రం పక్కనున్న స్పీచ్ బోర్డు మీద, కరెంటు పోతే చెరిగిపోయే రామ్‌లలో కాదు, చెరగని జ్ఞాపక చిప్‌లైన రోమ్‌లలో నిలవ ఉంటాయి (నీ వ్యాసంలో ఈ రెండూ తారుమారయ్యాయి, సరిచేసుకో). ప్రాసెసర్ ఆ రోమ్‌లను రిబ్బన్ కేబుల్ ద్వారా చదివి, ఒక్కొక్క బిట్టుగా స్పీచ్ బోర్డు మీది సీవీఎస్‌డీ చిప్‌కు అందిస్తే, ఆ చిప్ వాటిని గొంతుగా మారుస్తుంది. చివర్లో రెండూ ఒకే ఆంప్లిఫయర్ గుండా బయటికి వస్తాయి.

ఇప్పుడు నీ వాక్యాన్ని మళ్ళీ చదువు. గుండె చప్పుడు స్పష్టంగా వినిపిస్తోందంటే సౌండ్ బోర్డుకు కరెంటు అందుతోంది, ప్రాసెసర్ నడుస్తోంది, డీఏసీ పనిచేస్తోంది, ఆంప్లిఫయర్, వాల్యూమ్ కంట్రోల్, స్పీకర్, దాని తీగలు అన్నీ బాగున్నాయి. ఏ పరికరమూ ముట్టుకోకుండా, కేవలం చెవితో, అనుమానించవలసిన వాటిలో ముప్పాతిక భాగం కొట్టివేయవచ్చు. మిగిలినవి రిబ్బన్ కేబుల్, దాని కనెక్టర్లు, స్పీచ్ రోమ్‌లు, వాటి సాకెట్లు, సీవీఎస్‌డీ చిప్, దాని వెనక ఉండే చిన్న ఫిల్టర్ భాగం. ఇవికాక మాటలను పిలిచే తీగల్లో ఏదైనా తెగి ఉండవచ్చు. ఇంత తెలిశాక సౌండ్ బోర్డు మీది కెపాసిటర్లన్నీ ఎందుకు మార్చావు? పాతవి కాబట్టి అంటావు. అది మరమ్మతుకు కారణం కావచ్చు గానీ, నిదానానికి, అంటే లోపం ఎక్కడుందో తేల్చడానికి, కారణం కాదు. పాఠకుడికి నువ్వు ఇస్తానని మొదటి పేజీలో మాటిచ్చింది నిదానాన్ని.

నా నమ్మకం ఒక్కటే. మరమ్మతు గురించి రాసేవాడు ముందు ఏం విన్నాడో రాయాలి, తర్వాతే ఏం విప్పాడో రాయాలి. ఒకసారికి ఒక్కదాన్నే మార్చాలి. మార్చిన వెంటనే మళ్ళీ విని, ఏం మారిందో, ఏం మారలేదో రాయాలి. నువ్వు నాలుగు పనులు ఒకేసారి చేశావు కనుక, గోర్గార్ ఎందుకు మాట్లాడిందో నీకూ తెలియదు, నీ వ్యాసం చదివినవాడికీ తెలియదు. తొంభై సెంట్ల సాకెట్ దగ్గర ఆగిపోవలసిన పని, కొత్త బోర్డు కొనేదాకా వెళ్లి ఉండవచ్చు. ఆనాటి రోమ్‌ల కాళ్లు గాలి తగిలి నల్లబడతాయి. చిప్‌ను మెల్లగా ఊడదీసి, కాళ్లు శుభ్రం చేసి, తిరిగి గుచ్చితే మాట తిరిగొచ్చిన యంత్రాలను నేను చూశాను.

ఈ పద్ధతి మీద నాకింత పట్టుదల ఎందుకో చెబుతాను. చికాగో వచ్చిన కొత్తలో, పగటి ఉద్యోగం చాలక, బార్లలోనూ బౌలింగ్ ఆలీల్లోనూ ఆట యంత్రాలు పెట్టే ఒక ఆపరేటర్ దగ్గర సాయంత్రాలు పనిచేసేవాణ్ని. అక్కడ వేగానికి ఉన్న విలువ దేనికీ లేదు. బోర్డు తీసి బోర్డు పెట్టడమే పని. ఒక బార్‌లో యంత్రం ఆటంతా గుమ్మని మూలుగుతోందని ఫిర్యాదు వస్తే, నాకంటే ముందు వెళ్లినవాళ్లు ఆంప్లిఫయర్ చిప్ మార్చి వచ్చారు. మూలుగు పోలేదు. నేను వెళ్లినప్పుడు జనం పోయి, జ్యూక్‌బాక్స్ ఆగేదాకా కూర్చున్నాను. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా మూలుగు తగ్గలేదు. అంటే అది వాల్యూమ్ కంట్రోల్ దాటాక పుడుతోంది. ఇక దాని శ్రుతి ఎంతో తెలియాలి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. గోడ కరెంటును ఒకే దిశలో పారేలా మార్చే రెక్టిఫయర్ సరిగా పనిచేస్తూ ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోతే వినిపించేది దానికి రెట్టింపు, 120 హెర్ట్జ్. ఎర్త్ తీగ వదులై గానీ, రెక్టిఫయర్‌లో ఒక డయోడ్ తెగి గానీ వచ్చే మూలుగు 60 దగ్గర ఉంటుంది. ఒకటి షడ్జమైతే రెండోది పై స్థాయి షడ్జం. ఇంట్లో వీణ శ్రుతి చేస్తుంటే వింటూ పెరిగినవాణ్ని కాబట్టి గొంతు కలిపి చూశాను. 120 నా గొంతుకు హాయిగా అందుతుంది, 60 అందదు. అందింది. ఒక్క ఫిల్టర్ కెపాసిటర్ మార్చాను, మూలుగు ఆగిపోయింది. నీ గొంతుకు 120 కూడా కింద ఉంటుంది కనుక ఫోనులో శ్రుతి చూపే యాప్ వాడు. హైదరాబాద్‌లో ఎవరైనా చదివి ప్రయత్నిస్తే వాళ్లకు ఆ అంకెలు 50, 100 అవుతాయని కూడా తప్పక రాయి.

ఆ అనుభవాన్ని వ్యాసంగా రాసి అప్పట్లో ఒక తెలుగు మాసపత్రికకు పంపాను. సంపాదకుడు శ్రుతి గురించి రాసినదంతా కొట్టేసి, కెపాసిటర్ విలువ, దాని బొమ్మ మాత్రం మిగిల్చి, పైన "సులభ మరమ్మతు" అని శీర్షిక పెట్టి వేశాడు. పాఠకుడికి కావలసింది ఏది మార్చాలన్నదే గానీ, ఎలా తెలుసుకోవాలన్నది కాదని నాకు ఉత్తరం రాశాడు. ఆ వ్యాసం చదివి ఎందరు అవసరం లేని కెపాసిటర్లు మార్చారో నాకిప్పటికీ బాధే. ఇప్పటి ధోరణి అంతకన్నా మేలుగా లేదు. ప్రతి వ్యాసమూ అంకెలు వేసిన చిట్కాల పట్టీ. మొదటి చిట్కా "అన్నీ మార్చండి". నీ వ్యాసంలోనూ ఆ నీడ పడింది. చదివినవాడు పట్టీని అనుసరిస్తాడు, వినడు. తన యంత్రంలో లోపం నీ పట్టీలో లేనిదైతే అక్కడితో ఆగిపోతాడు.

శబ్దాల వర్ణనకు నువ్వు భయపడ్డావు. "శబ్దం సరిగా లేదు" అని చాలాచోట్ల రాశావు. ఆ మాటతో ఎవరూ ఏమీ చేయలేరు. వాల్యూమ్ తిప్పుతున్నప్పుడు మాత్రమే గరగరమంటే ఆ కంట్రోల్‌లో దుమ్ము చేరింది. తిప్పకపోయినా, యంత్రాన్ని తట్టినప్పుడు చిటపటమంటే ఎక్కడో టంకం పగిలింది. ఆ కాలపు విలియమ్స్ బోర్డుల మీద కనెక్టర్ పిన్నుల చుట్టూ గుండ్రటి సన్నని పగులు భూతద్దంతో కనిపిస్తుంది. పెద్ద శబ్దాలప్పుడు మాత్రమే బరబరలాడితే స్పీకర్ కాగితం చిరిగి ఉంటుంది, లేదా లోపలి చుట్ట అయస్కాంతానికి రాసుకుంటూ ఉంటుంది. యంత్రం ఆపి, కాగితాన్ని రెండు చేతుల వేళ్లతో సమంగా, మెత్తగా నొక్కితే ఆ రాపిడి వేళ్లకే తెలుస్తుంది. అసలు శబ్దమే లేకపోతే స్పీకర్ తీగలు ఊడదీసి ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం తాకించాలి. టప్పుమంటే స్పీకర్ బతికే ఉంది, వెనక్కి వెళ్లి వెతకాలి.

నువ్వు అసలు ప్రస్తావించని లోపం ఒకటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. శబ్దం వస్తుంది, కానీ వేరే శబ్దం వస్తుంది. ఆ తరం విలియమ్స్ యంత్రాల్లో ఏ శబ్దం పలకాలో చెప్పే సంకేతం, సాలినాయిడ్లను (బంతిని తన్నే విద్యుదయస్కాంత చుట్టలను) నడిపే డ్రైవర్ బోర్డు నుంచే ఐదు తీగల మీద సౌండ్ బోర్డుకు వెళుతుంది. ఐదు తీగలంటే, అన్నీ ఖాళీగా ఉన్న స్థితిని వదిలేస్తే, 31 పిలుపులు. అందులో ఒక్క తీగ తెగితే ఆ తీగ అవసరమైన ప్రతి పిలుపూ మరో పిలుపుగా మారిపోతుంది (ఆ ఒక్క తీగతోనే వెళ్లే పిలుపు మాత్రం మూగబోతుంది), మిగిలినవి యథాతథంగా ఉంటాయి. బోర్డు దోషం కాదది. దీన్ని తేల్చడానికి సౌండ్ బోర్డు మీద ఒక చిన్న బటన్ ఉంది. అది నొక్కితే డ్రైవర్ బోర్డుతో పని లేకుండా సౌండ్ బోర్డు తనంతట తానే శబ్దాలు వినిపిస్తుంది. నాణేలు వేసే తలుపు లోపలి నుంచి నడిపే ధ్వని పరీక్ష మాత్రం ఆ ఐదు తీగల మీదుగానే వెళుతుంది. బటన్‌తో సరిగా పలికి, తలుపు దగ్గరి పరీక్షలో తప్పుగా పలికితే లోపం దారిలో ఉంది. గోర్గార్ మాట పోయినప్పుడు కూడా నువ్వు మొట్టమొదట చేయవలసిన పని ఈ రెండు పరీక్షలూ చేసి విన్నది రాసుకోవడం.

తొంభైల నాటి విలియమ్స్ యంత్రాల గురించి కూడా కలపనా అని అడిగావు. వద్దు. యంత్రం ఆన్ చేయగానే ఒకసారి గంటకొడితే సౌండ్ బోర్డు బాగున్నట్టు, అంతకంటే ఎక్కువసార్లు కొడితే ఆ సంఖ్యను బట్టి ఏ చిప్‌లో లోపమో చెబుతున్నట్టు అని ఒక్క వాక్యం చాలు. ఆ యంత్రాలు తమ రోగాన్ని తామే చెప్పుకొంటాయి. నీ వ్యాసం చెప్పుకోలేని యంత్రాల గురించినది.

అన్నిటికంటే ముఖ్యమైనది నీ వ్యాసంలో లేదు. గోర్గార్ వెనక పెట్టెలో అంకెల తెరలకు వెళ్లే తీగల్లో ప్లస్ 100, మైనస్ 100 వోల్టులు ఉంటాయి. గోడ కరెంటు 120 వోల్టులు అదనం. ప్లగ్ పీకిన తర్వాత కూడా పెద్ద కెపాసిటర్లలో కొంతసేపు చార్జి నిలుస్తుంది. ఏ తలుపైనా తెరవమని పాఠకుడికి చెప్పే ముందు ఈ మూడు మాటలూ ఉండాలి. మొదటి పేజీలోనే ఉండాలి. ఇది లేకుండా ఆ వ్యాసాన్ని ఎవరికీ చూపించకు.

పాత స్పీచ్ బోర్డు పారేయలేదని రాశావు, మంచి పని చేశావు. యంత్రం ఆపి, కొత్తది తీసి, పాతదాన్ని కొత్త రిబ్బన్ కేబుల్‌తో బిగించు. సౌండ్ బోర్డు మీది బటన్ నొక్కి విను. మాట్లాడితే లోపం పాత బోర్డులో లేదు, నీ జవాబు కేబుల్‌లోనో కనెక్టర్లలోనో ఉంది. మాట్లాడకపోతే రోమ్‌లను ఒక్కొక్కటిగా తీసి, కాళ్లు శుభ్రం చేసి, ఒక్కొక్కసారి విను. విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టి, ఆ మూడో పేజీ వాక్యాన్ని వ్యాసానికి మొదటి వాక్యంగా చేసి, నాకు మళ్ళీ పంపు.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి