గాలి ఎక్కడ పుట్టిందో రాయి

బరంపురం

తమ్ముడూ,

కథ అందింది. సోన్‌పూర్ ఒడ్డున తెప్పలు పైకి లాగే ఘట్టం బాగా కుదిరింది. తడి తాడు అరచేతుల్ని కోసేస్తుంటే పళ్ల బిగువున లాగారని రాశావు చూడు, అక్కడ ఎర్ర సిరా పెట్టలేదు. ఆ తర్వాత 'సముద్రుడు ఆగ్రహించాడు' దగ్గర మాత్రం ఆగిపోయాను. తుపాను మీద రాసే ప్రతివాడికీ ముందు దొరికేది ఆ వాక్యమే. కోపం వచ్చిందనేస్తే ఇక చెప్పడానికేమీ ఉండదు. గాలికి అంత బలం ఎక్కణ్నుంచి వచ్చిందో నువ్వు చెప్పనే లేదు.

ఆ బలం నీళ్ల వేడిది. పైనుంచి దాదాపు 50 మీటర్ల లోతు దాకా సముద్రం 26.5 డిగ్రీలకు తగ్గకుండా వెచ్చగా ఉండాలి. ఆ నీరు ఆవిరై లేస్తుంది, పైన చల్లబడి మబ్బు కడుతుంది. మబ్బు కట్టేటప్పుడు ఆవిరి తనలో దాచుకున్న వేడిని వదిలేస్తుంది. దాంతో పైన గాలి వెచ్చబడి, కింద పీడనం పడిపోతుంది. అక్కడికి చుట్టుపక్కల గాలి తేమను వెంటేసుకుని వచ్చి చేరుతుంది. మళ్లీ ఆవిరి, మళ్లీ మబ్బు, ఇంకాస్త వేడి. టీవీలో 'అల్పపీడనం' అని విని మనం అన్నం తింటూ కూర్చునే రోజుల్లో జరిగేదంతా ఇదే. నీ కథలో ఆ రోజులకు ఒక్క లైను కూడా లేదు. నన్నడిగితే రెండు పేజీలు ఇవ్వొచ్చు.

మరి తిరగడం? భూమి తిరుగుతోంది కాబట్టి లోపలికొచ్చే గాలి తిన్నగా రాలేదు. మన అర్ధగోళంలో కుడివైపుకు మళ్లుతూ, కేంద్రం చుట్టూ అపసవ్యంగా చుట్టుకుంటుంది. భూమధ్యరేఖకు ఐదు డిగ్రీల లోపు ఆ మళ్లింపు చాలదు, అక్కడ నీరెంత వేడెక్కినా తుపాను కట్టడం బహు అరుదు. ఇక వేగం సంగతి ఒప్పులకుప్ప ఆడే పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. చేతులు చాపి తిరిగినప్పుడు ఒక లెక్క, దగ్గరకు లాక్కోగానే ఇంకో లెక్క. దూరాన మెల్లగా తిరిగే గాలి కేంద్రానికి దగ్గరయ్యేకొద్దీ వడి అందుకుంటుంది.

2013లో వచ్చిన ఫైలిన్ తుపానునే చూడు. అక్టోబరు 8న అండమాన్ సముద్రంలో వాయుగుండం. మర్నాటికి తుపాను. ఆ మర్నాడే అతి తీవ్ర తుపాను. 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేసరికి గాలి గంటకు 200 కిలోమీటర్ల పైమాట. వాతావరణ శాఖ లెక్కలో 62 కిలోమీటర్లకు చేరితేనే తుపాను అంటారు. ఇవన్నీ కథలో వెయ్యమని కాదు, వేస్తే బులెటిన్ అయి కూర్చుంటుంది. నీకు తెలిసి ఉంటే చాలు.

గాలి దిక్కు కూడా చూసుకో. నీ కథలో రాత్రంతా తూర్పుగాలే. తుపాను కన్ను, అంటే నడిమధ్యన గాలి నిలిచిపోయే చోటు, ఊరి మీదుగా పోయిందని నువ్వే రాశావు. మన తీరానికి ఆగ్నేయం నుంచి వచ్చే తుపానైతే ముందు ఈశాన్యం నుంచి కొడుతుంది, కన్ను పైకొచ్చాక ఒక్కసారిగా నిలిచిపోతుంది, ఆ తర్వాత నైరుతి నుంచి అందుకుంటుంది. మొదటి విడతకు ఓర్చుకున్న సరుగుడు చెట్టు రెండో విడతకు అటుపక్కకు కూలుతుంది. ఆ మధ్యలో నీ కుర్రాణ్ని 'గాలి తగ్గింది, తెప్ప చూసొస్తా' అని లేవనీ. తాతను గుమ్మానికి అడ్డం నిలబెట్టు. తాత ఏమంటాడో మీ పేటలో వేటకెళ్లే పెద్దల్ని అడుగు, నాకంటే వాళ్లు బాగా చెబుతారు.

చివరగా నెల. శ్రావణంలో పెట్టావు. ఆ రోజుల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలకు కొదవ లేదు. కానీ అప్పుడు కింద పడమటి గాలి, బాగా ఎత్తున తూర్పు గాలి జోరుగా వీస్తాయి. పైన పోగైన వేడి కేంద్రం మీద నిలవకుండా పక్కకు కొట్టుకుపోతుంది. అందుకే అవి ముదిరి తుపానులయ్యేది తక్కువ. మనకు భయం వానాకాలానికి ముందూ వెనకా. ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరువే. పెళ్లి ముహూర్తం కోసం శ్రావణం కావాలన్నావు కదా, కార్తీకంలోనూ ముహూర్తాలుంటాయి. మార్చి పంపించు.

నీ అన్నయ్య